మూడేళ్లుగా జేబులో ఉన్న వెడల్పు వెలుగు టార్చి: నా అనుభవం

మా దగ్గర టార్చిలైటును ‘బ్యాటరీ’ అంటారు, అందులో వేసే బ్యాటరీని ‘సెల్లు’ అంటారు. ఆ లెక్కన ఇది ఒక్క సెల్లు పట్టే చిన్న బ్యాటరీ గురించి. 2022 ఆగస్టులో కొన్నాను, సాగర్ ఎడమ కాలువ కింద నాట్లు పడుతున్న రోజులు. అప్పటి నుంచి మూడు వానాకాలాలు, మూడు యాసంగులు దాదాపు ప్రతి రాత్రీ నా జేబులోనే ఉంది. హాలియా దగ్గర మాకు నాలుగెకరాల వరి, రెండెకరాల బత్తాయి తోట. మడికి నీళ్లు తిప్పడం, మోటరు ఎందుకు ఆగిందో చూడటం, తోటలో ఓ చుట్టు తిరగడం, రాత్రి పూట నా పని ఇంతే. కంపెనీ పేరు మాత్రం రాయట్లేదు, ఎందుకంటే కింద రెండు మూడు చోట్ల తిట్టబోతున్నాను. ఇలాంటివి చేసే కంపెనీలు చాలానే ఉన్నాయి కాబట్టి ఏం చూసి కొనాలో తెలిస్తే చాలు.

దీనికి ముందు ఒక తప్పు చేశాను. ‘రెండు కిలోమీటర్లు కొడుతుంది’ అని ఆన్‌లైన్‌లో చూసి పొడుగు మూతి టార్చి ఒకటి తెప్పించాను. కొట్టడం నిజమే, రెండు కిలోమీటర్లు కాదు గానీ కాలువ అవతలి తుమ్మ చెట్టు మీద తెల్లటి బిళ్లలా పడేది. ఊళ్లో అందరికీ చూపించి మురిసిపోయాను కూడా. ఒక రాత్రి తూము దగ్గరికి పోతున్నాను, వెలుగు పది అడుగుల ముందు ఒడ్డు మీద పడుతోంది, కాళ్ల దగ్గర మాత్రం కారు చీకటి. ఏదో చప్పుడైతే లైటు కిందికి తిప్పాను. నా ఎడమ కాలికి మూరెడు దూరంలో కట్లపాము. నల్లటి ఒంటి మీద తెల్లటి కట్లు స్పష్టంగా కనిపించాయి. అది దాని దారిన పోయింది, నేను మాత్రం అక్కడే నిలబడిపోయాను. ఇంటికొచ్చాక ఆలోచిస్తే అర్థమైంది, తప్పు పాముది కాదు. ఆ మధ్యలోని బిళ్ల వెలుగు ఎంత పదునుగా ఉంటే మన కంటిపాప అంత చిన్నదవుతుంది, పక్కనున్న చీకటి ఇంకా చిక్కబడుతుంది. లైటు లేకుండా నడిచినా కాళ్ల దగ్గర కొంచెం ఎక్కువ కనిపించేదేమో!

అప్పుడు వెతకడం మొదలుపెట్టాను. డబ్బా మీద ల్యూమెన్లు పెద్ద అక్షరాల్లో రాస్తారు, అది టార్చి నుంచి బయటికొచ్చే మొత్తం వెలుగు. దాన్ని ఒక్క చోట ఎంత పోగేశారో చెప్పేది క్యాండెలా. దూరం లెక్క ఈ క్యాండెలా నుంచే వస్తుంది: దాని వర్గమూలాన్ని రెండుతో గుణిస్తే మీటర్లు. 2,500 క్యాండెలా అయితే 100 మీటర్లు, 10,000 అయితే 200 మీటర్లు. ఆ చివరి మీటరు దగ్గర పడే వెలుగు పావు లక్స్, అంటే దాదాపు నిండు పున్నమి వెన్నెలంత. కాబట్టి ‘200 మీటర్లు’ అన్నారని అంత దూరంలో ఉన్న మనిషి మొహం గుర్తుపడతామనుకోకండి. మనలాంటి వాళ్లకు కావాల్సింది ల్యూమెన్లు సరిపడా, క్యాండెలా తక్కువ. కొనేవాళ్లు దీన్ని తిరగేసి చూస్తారు, అక్కడే దెబ్బ తింటారు, నేను తిన్నట్టు.

టార్చి మూతి అద్దం లోపల చూస్తే సగం సంగతి తెలిసిపోతుంది. మెరిసే నున్నటి గిన్నె ఉంటే వెలుగు దూరం పోతుంది. బత్తాయి తొక్కలా గరుకుగా ఉంటే వెలుగు కొంచెం మెత్తబడుతుంది (ఇంగ్లీషులో కూడా దీనికి నారింజ తొక్క అనే పేరు, ఆ పేరు పెట్టినవాడికి తోట ఉండుంటుంది). గిన్నె బదులు గాజులా కనిపించే ప్లాస్టిక్ దిమ్మె, దాని ముఖం మీద గులకరాళ్లు పరిచినట్టు ఉంటే అదే మనకు కావాల్సింది. దాన్ని టీఐఆర్ లెన్సు అంటారు, నాది అదే. దుకాణంలో అయితే ఇంకా తేలిక. గోడకు మీటరు దూరంలో నిలబడి వెలిగించండి. వెలుగు వలయం మీటరు వెడల్పు వస్తే సుమారు 53 డిగ్రీలు, అంతకంటే ఎక్కువ వస్తే ఇంకా మంచిది. మధ్యలో బిళ్ల, చుట్టూ మసక ఉంటే వదిలేయండి. నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర ఒక దుకాణంలో నేను ఇలా గోడకు కొట్టి చూస్తుంటే దుకాణదారు ‘గోడ కొంటున్నవా, లైటు కొంటున్నవా’ అన్నాడు. అక్కడ నాకు కావాల్సింది దొరకలేదు, చివరికి ఆన్‌లైన్‌లోనే తెప్పించాను.

మొదటి రాత్రి మా నాయిన చేతికిచ్చాను. ‘వెన్నెల ఆరబోసినట్టుంది గదరా’ అన్నాడు. ఒక్క నిమిషం ఆగి, ‘గని ఆ ఒడ్డు దాక పోతలేదేంది?’ అని కూడా అన్నాడు. రెండూ నిజమే.

ఒడ్డు మీద నడిచేటప్పుడు అటు మడి, ఇటు మడి, మధ్యలో ఎండ్రకాయ బొక్కలు, ఎలుక తవ్విన మన్ను, అన్నీ ఒక్క చూపులో కనిపిస్తాయి. లైటును అటూ ఇటూ ఊపుతూ నడవక్కర్లేదు. గండి పడితే నీళ్లు జారే చోట వెలుగు తళుక్కుమంటుంది, సన్న వెలుగుతో అయితే అది వెతకడానికే పావుగంట పట్టేది. తోటలో ఇంకా లాభం. బత్తాయి కాయలు రంగు తిరిగే టైములో రసం పీల్చే రెక్కల పురుగు రాత్రిళ్లే వస్తుంది, కాయకు చిన్న రంధ్రం పెట్టి పోతుంది, నాలుగు రోజులకు కాయ కుళ్లి రాలిపోతుంది. పొగ పెడతాం, చేత్తో పట్టి కిరోసిన్ నీళ్లలో వేస్తాం. చెట్టు మొత్తం ఒకేసారి వెలుగులో ఉంటే పురుగు ఎక్కడ వాలిందో దొరుకుతుంది. పాత టార్చితో ఒక్కో కొమ్మ మీద వెలుగు జరుపుకుంటూ పోయేసరికి అది వెనక కొమ్మకు పోయేది.

రంగు గురించి మొదట నేను పట్టించుకోలేదు, అది నా అదృష్టం కొద్దీ కుదిరింది. ఇందులో నిచియా 519ఏ అనే ఎల్ఈడీ ఉంది, 4500 కెల్విన్, అంటే నీలిగా కొట్టే తెలుపు కాదు, పొద్దున ఎండలాంటి తెలుపు. సీఆర్ఐ 90 పైన. రంగులు ఎంత నిజంగా కనిపిస్తాయో చెప్పే అంకె అది, 100కి ఎంత దగ్గరుంటే అంత మంచిది. మోటరు స్టార్టర్ డబ్బా తెరిస్తే తేడా తెలుస్తుంది. మూడు ఫేజులు ఎరుపు, పసుపు, నీలం, పైన ఏళ్ల నాటి దుమ్ము. పాత నీలి వెలుగులో ఎరుపు గోధుమరంగులా, నీలం నల్లగా కనిపించి ఒకసారి తీగలు తారుమారు చేసి మోటరు ఉల్టా తిప్పాను. ఎండుటాకుల్లో పడుకున్న రక్తపింజరి కూడా ఈ వెలుగులో విడిగా కనిపిస్తుంది. అది ఒక్కసారే చూశాను, మళ్లీ చూడాలని లేదు.

వెనక అయస్కాంతం ఉంది. స్టార్టర్ డబ్బా రేకుకు అంటిస్తే రెండు చేతులూ ఖాళీ. క్లిప్పు రెండు వైపులా పడుతుంది, టోపీ అంచుకు పెట్టుకుంటే నెత్తి మీద లైటు ఉన్నట్టే. మడిలో మూడుసార్లు పడింది, బురదలో కాలితో తడిమి తీశాను, ఏం కాలేదు.

ఇప్పుడు తిట్లు. డబ్బా మీద 1,200 ల్యూమెన్లు అని రాశారు, ఆ వెలుగు మూడు నిమిషాలు. తర్వాత వేడెక్కి దానంతట అదే తగ్గిపోతుంది. మే నెలలో మా దగ్గర రాత్రి పదింటికి కూడా గాలి వేడిగా ఉంటుంది కదా, అప్పుడు నిమిషంన్నరకే దిగుతుంది. ఇది దీని ఒక్కదాని జబ్బు కాదు, బొటనవేలంత లావు టార్చి ఆ వేడిని ఎక్కడికి పంపగలదు? నేను వాడేది 150 ల్యూమెన్ల దగ్గర, దానిమీద ఒక చార్జింగుకు ఆరు గంటలు వస్తుంది. నడవడానికి అది ఎక్కువే. రెండో తిట్టు బటన్‌కు. మూడుసార్లు నొక్కితే టపటపా కొట్టుకునే వెలుగు వస్తుంది, చలికి వేళ్లు వణుకుతుంటే అదే పడుతుంది, చీకట్లో కళ్లు బైర్లు కమ్ముతాయి. ఒకసారి జేబులోనే వెలిగి లుంగీకి చిన్న మాడు మచ్చ పడింది, తొడకూ చుర్రుమంది. అప్పటి నుంచి జేబులో వేసే ముందు వెనక మూత పావు తిప్పు వదులు చేస్తున్నాను, కరెంటు తెగిపోతుంది, నొక్కినా వెలగదు. చార్జింగు రంధ్రం రబ్బరు మూత ఏడాదిన్నరకే ఊడిపోయింది. ఇప్పుడు సెల్లు బయటికి తీసి విడి చార్జరులో పెడుతున్నాను.

సెల్లు 18650 రకం, 18 మిల్లీమీటర్ల లావు, 65 పొడవు, దొరకడం తేలిక. కానీ 9,900 ఎంఏహెచ్ (సెల్లులో ఎంత చార్జింగు పడుతుందో చెప్పే అంకె) అని రాసి అమ్మేవి కొనకండి, ఈ సైజులో మంచి కంపెనీవి చాలావరకు 3,500 దగ్గరే ఆగుతాయి. రెండోది కొనేటప్పుడు తక్కువకు వస్తోందని అలాంటిది తీసుకున్నాను, చేత్తో పట్టుకుంటేనే తేలిగ్గా ఉంది, గంటకే ఆరిపోయింది.

మంచులో మాత్రం ఇది ఓడిపోతుంది. జనవరిలో వరి మీద మంచు దిగిన రాత్రి కంటి దగ్గర పట్టుకుంటే తెల్లగోడ తప్ప ఏమీ కనిపించదు. మోకాలి ఎత్తులో పట్టుకుని నడిస్తే కొంత నయం.

ఇప్పటికే పదును వెలుగు టార్చి ఉన్నవాళ్లు కొత్తది కొనక్కర్లేదు కూడా. స్టేషనరీ దుకాణంలో మసక తెల్ల టేపు దొరుకుతుంది, అద్దం మీద ఒక ముక్క అంటించండి. కొంత వెలుగు పోతుంది గానీ మిగిలింది వెడల్పుగా పరుచుకుంటుంది. నా పొడుగు మూతిదానికి అలాగే చేసి మా చిన్నాయినకు ఇచ్చాను, బాగానే వాడుతున్నాడు. ముందుకు వెనక్కు లాగే జూమ్ టార్చి కూడా వెడల్పు ఇస్తుంది, అయితే ఆ జరిగే సందులోంచి దుమ్ము, నీళ్లు లోపలికి పోతాయి, పొలానికి పనికిరాదు.

నాయిన మూడు సెల్లుల ఇత్తడి బ్యాటరీ ఇంకా గూట్లోనే ఉంది. కాలువ అవతల ఎవరో రాత్రిపూట తూము ఎత్తుతున్నారని అనుమానం వస్తే మాత్రం అదే పట్టుకుని పోతాం, నాది జేబులో ఉంటుంది.