హనుమకొండలో ఎండీ–పీహెచ్‌డీ కౌన్సెలింగ్: ఐదుకు రెండున్నర

మా తమ్ముడు కాకతీయ మెడికల్ కాలేజీలో మూడో ఏడు. పేషెంట్లనూ చూడాలి, ల్యాబ్‌లో పరిశోధనా చేయాలి అంటాడు. నక్కలగుట్టలో ఒక కన్సల్టెన్సీ "అమెరికాలో ఎండీ–పీహెచ్‌డీ, ఫీజు లేదు, పైగా స్టైపెండ్" అని బోర్డు పెడితే వెళ్ళాం. ఏసీ బాగుంది. టీ ఇంకా బాగుంది.

చెప్పింది అబద్ధం కాదు గానీ, సగమే చెప్పారు. డాక్టరు డిగ్రీ, పరిశోధన డిగ్రీ కలిపి చేసే ఈ చదువుకు అక్కడి ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ 1964 నుంచి ఎంఎస్‌టీపీ అనే గ్రాంటు పథకం కింద డబ్బిస్తోంది. మొదట రెండేళ్లు మెడిసిన్, తర్వాత నాలుగేళ్లు అటూ ఇటూగా పీహెచ్‌డీ, మళ్ళీ ఆసుపత్రి వార్డులు. మొత్తం 7, 8 ఏళ్లు. రెసిడెన్సీ, అంటే డిగ్రీ అయ్యాక ఆసుపత్రిలో చేసే శిక్షణ, ఆ తర్వాత వేరే. కానీ ఆ గ్రాంటు సొమ్ము అక్కడి పౌరులకు, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకే. బయటి దేశాల వాళ్లను తీసుకునే కాలేజీలు కొన్నే, అవీ వేరే నిధుల నుంచి ఇవ్వాలి. పైగా అక్కడ ఎండీ అంటే డాక్టరుకు మొదటి డిగ్రీ, మన ఎంబీబీఎస్ లాంటిదే. మావాడు మళ్ళీ మొదటి నుంచి చదవాలా అని అడిగితే, "ప్రొఫైల్ స్ట్రాంగ్‌గా ఉంటే చాలు మేడమ్" అంటూ కౌన్సెలర్ ప్యాకేజీ కాగితం ముందుకు జరిపాడు.

అక్కడి మెడికల్ కాలేజీల ప్రవేశ పరీక్ష ఎంక్యాట్ గురించి మాత్రం ఓపికగా, సరిగ్గా చెప్పారు. ఇంటర్ అయ్యాక అక్కడే డిగ్రీ చేయాలనుకునే పిల్లలకు అది పనికొస్తుంది.

ఎంబీబీఎస్ వాళ్లకు దారులు వేరు: నేరుగా పీహెచ్‌డీ, లేదా అక్కడి డాక్టరు లైసెన్సు పరీక్ష యూఎస్‌ఎంఎల్‌ఈ రాసి పరిశోధనకు సమయమిచ్చే రెసిడెన్సీ. ఈ మాట మాకు చెప్పింది కాలేజీ సీనియర్, వీళ్లు కాదు. అడ్వాన్స్ కట్టమంటే, ముందు పౌరసత్వం సంగతి కాగితం మీద రాసివ్వమనండి.