ట్రిబ్యునల్ మెంబరా, తిరుపతి ప్రాక్టీసా: యాభై దాటాక ఏది మేలు?

తిరుపతిలో మా పన్ను వకీళ్ల ఆఫీసులో ఇన్నేళ్లూ నా పక్క గదిలో కూర్చున్న అన్న, జీఎస్టీ గొడవల మీద అప్పీళ్లు వినే జీఎస్టీ అప్పిలేట్ ట్రిబ్యునల్‌కు జ్యుడీషియల్ మెంబరుగా, అంటే జడ్జిలాంటి పదవికి, వెళ్లిపోయాడు. పోస్టింగు వేరే రాష్ట్రంలో. అప్పటి నుంచి కోర్టు బయట టీ తాగుతుంటే ఎవరో ఒకరు అడుగుతూనే ఉన్నారు: "మీకూ అర్హత ఉంది కదా సార్, మీరెందుకు పెట్టలేదు?" నిజమే. యాభై నిండాలి, జీఎస్టీ లాంటి పరోక్ష పన్నుల కేసుల్లో గట్టి అనుభవంతో పదేళ్ల ప్రాక్టీసు ఉండాలి. నాకు 51. దరఖాస్తు నింపి కూడా సొరుగులోనే ఉంచేశాను.

జీతం గురించే అందరూ ముందు అడుగుతారు. మెంబరుకు నెలకు 2,25,000. ఇక్కడ మంచి నెలలో అంతకంటే ఎక్కువే రావచ్చు. కానీ చిత్తూరు గుజ్జు ఫ్యాక్టరీల వాళ్లు సీజను డబ్బులు చేతికొస్తే గానీ ఫీజు మాటెత్తరు. మామిడి గుజ్జు మీద పన్ను అప్పట్లో 12 శాతమేనని 2022లో జీఎస్టీ కౌన్సిల్ తేల్చేదాకా ఎన్ని నోటీసులకు జవాబులు రాశామో! అందులో సగం ఫీజు ఇప్పటికీ బాకీనే. జీతం చూసుకుంటే వెళ్లడమే మేలు.

పనిలోనూ అంతే. అక్కడ ఇరుపక్షాల వాదన విని, చదివి, ఆర్డరు రాయొచ్చు. ఇక్కడ గడువు చివరి రోజు రాత్రి పదకొండింటికి జీఎస్టీ పోర్టల్ తెరుచుకుంటుందా లేదా అని టెన్షన్.

మరి ఎందుకు ఆగానంటే, దిగిపోయాక ఏంటన్న ప్రశ్న దగ్గర. పదవీకాలం నాలుగేళ్లు. మళ్లీ నియమిస్తే ఇంకో రెండేళ్లకు మించదు. ఎట్లా చూసినా 67 దాటకూడదు. దిగాక, తాను కూర్చున్న బెంచ్ ముందు వాదించకూడదని చట్టంలోనే ఉంది. నాకు ఆంధ్ర బెంచ్ దక్కితే మా జిల్లా కేసులకు ట్రిబ్యునల్ తలుపు మూసుకున్నట్టే. అన్నలా వేరే రాష్ట్రానికి వెళ్తే చట్టం అడ్డురాదు, తిరిగొచ్చి ఇక్కడ వాదించవచ్చు. కానీ పార్టీలు, అంటే కేసులిచ్చేవాళ్లు, ఉండాలి కదా?

ఒక లాడ్జి ఓనరు ఉన్నాడు. రోజుకు వెయ్యి లోపు అద్దె గదులకు కూడా 2022 జులైలో పన్ను పడినప్పటి నుంచి ఆయన లెక్కల గొడవంతా అన్నే చూసేవాడు. అన్న వెళ్లిన వారానికే వచ్చి ఫైలు అడిగాడు. "అంతా ఇందులోనే ఉంది, నేను చూస్తా" అన్నాను. "ఫైలుంది, అన్న లేడు గదయ్యా" అని పట్టుకెళ్లాడు. ఆ తర్వాత గుజ్జు పార్టీలు ఇద్దరు అదే దారి పట్టారు. అదే ఆఫీసు, అదే బోర్డు, పక్క గదిలో నేను ఉండగానే ఇలా జరిగితే, ఆరేళ్ల తర్వాత 57 ఏట తిరిగొచ్చేవాడి కోసం ఎవరు కాచుకుని ఉంటారు?

అన్నకు 58. పిల్లలు స్థిరపడ్డారు. ఆరేళ్లూ చేసి దిగితే 64, మళ్లీ నల్లకోటు వేయాల్సిన అవసరం లేదు. ఆయన వయసుకు అదే సరైన పని, దరఖాస్తు నేనే దగ్గరుండి పెట్టించాను. యాభై, యాభై రెండులో ఉన్నవాళ్లు మాత్రం జీతం అంకె చూసి తొందరపడకండి.

పన్నుల శాఖ తరఫు వకీలుగా వెళ్లొచ్చు కదా అని కొందరంటారు. పార్టీల వైపు పన్ను కేసులు వదిలేస్తే మా ఊళ్లో మిగిలేది అంతంతమాత్రం. గ్రూప్-1 రాసి పన్నుల శాఖలో చేరడం జూనియర్ల సంగతి, మా వయసుకు కాదు.

మొన్న అన్న ఫోన్ చేశాడు. ఇదివరకైతే అరగంట కేసుల ముచ్చటే. ఇప్పుడు ఆయన అడగడు, నేను చెప్పను. ఈ ఏడు తోతాపురి పూత ఎట్లుందని అడిగి పెట్టేశాడు.