మ్యూనిక్‌లో మూడు రోజులు, ఒక సన్నసందు

బ్రిటిష్ చరిత్రకారుడు ఇయన్ కెర్షా అనగానే హిట్లర్ జీవిత చరిత్ర గుర్తొస్తుంది: 1998లో మొదటి భాగం, 2000లో రెండోది. కానీ ఆయన మొదట తవ్వింది ఇంగ్లండ్ యార్క్‌షైర్‌లోని బోల్టన్ ప్రయరీ మఠం పాత జమాఖర్చులు. జర్మన్ నేర్చుకున్నదీ మధ్యయుగపు రైతుల కోసమే. 1972లో, మ్యూనిక్ రాజధానిగా ఉన్న జర్మనీ రాష్ట్రం బవేరియాలో ఓ కాఫీ హోటల్లో ఒక ముసలాయన, ఇంగ్లీషువాళ్లు మాతో కలిసుంటే లోకాన్నే ఏలేవాళ్లమంటూ యూదులను తిట్టిపోశాడట. ఆ తర్వాత కెర్షా దారే నాజీల చరిత్రవైపు మారింది. ఆ మఠం, ఆ బవేరియా రెండూ చూడాలనిపించింది నాకు.

మఠం వార్ఫ్ నది ఒడ్డున ఉంది. లీడ్స్ నుంచి స్కిప్టన్‌కి రైలు, అక్కణ్ణుంచి బస్సు. శిథిలాలు చూడ్డానికి గంట చాలు. కారులో వెళ్తే మాత్రం పార్కింగ్‌కే చేతి చమురు వదులుతుంది.

మ్యూనిక్‌లో స్టేషన్ పక్కనే గది తీసుకున్నాం. పెట్టె తెరిస్తే మంచం దిగడానికి చోటు లేదు. అయినా పొద్దున్నే లోకల్ రైలు అందుకోవడానికి అదే మేలైంది. నాజీల నిర్బంధ శిబిరం ఉన్న డాకౌకి ఎస్2 రైలు, దిగాక 726 బస్సు. ప్రవేశం ఉచితం, ఆడియో గైడ్‌కి మాత్రం డబ్బులు. హిట్లర్ ఛాన్సలరైన రెండు నెలల్లోపే, 1933 మార్చిలోనే, తెరిచిన శిబిరమిది. ఖైదీలను లెక్కపెట్టిన మైదానం నిండా కంకర. చెప్పులతో వెళ్లకండి, నేను వెళ్లి అనుభవించాను.

నాజీ పార్టీ ప్రధాన కార్యాలయం ఉన్నచోట 2015లో తెరిచిన, నాజీల చరిత్ర చెప్పే మ్యూజియం డాక్యుమెంటేషన్ సెంటర్ కూడా ఉచితమే, సోమవారం సెలవు. విషయం గట్టిదే గానీ, అన్నీ నిలబడి చదవాల్సిన పలకలు. రెండు గంటలకే మా ఆయన బెంచీ వెతుక్కున్నారు.

నన్ను ఆపేసింది విస్కార్డిగాసె అనే సందు. పక్కనున్న ఫెల్డ్‌హెర్న్‌హాలె అనే స్మారక మండపం దగ్గర, 1923లో హిట్లర్ చేసిన విఫల తిరుగుబాటులో చచ్చిన నాజీల స్మారకం ముందు కాపలా ఉండేది. దాటేవాళ్లంతా చెయ్యెత్తి సెల్యూట్ కొట్టాలి. ఇష్టంలేనివాళ్లు ఈ సందులోంచి చుట్టు తిరిగి వెళ్లేవారు. వాళ్ల గుర్తుగానే రాళ్ల మధ్య కంచు రంగు గీత ఒకటి వంకరగా సాగుతుంది, తాగినవాడి నడకలా. కెర్షా ఈ ఊళ్లోనే జర్మన్ చరిత్రకారుడు మార్టిన్ బ్రోజాట్ నడిపిన ప్రాజెక్టులో చేరి, నాజీల కాలంలో బవేరియా మామూలు జనం ఏం గొణిగారో, దేనికి తలవంచారో ప్రభుత్వ రహస్య నివేదికల్లోంచి లాగారు. మ్యూజియంలో రెండు గంటలు చదివి పట్టుకోలేనిది ఆ గీత మీద నడుస్తుంటే అందింది. మేమున్న అరగంటలో ఇద్దరు సైకిల్ వాళ్లు దానిమీదుగా వెళ్లారు. ఒక్కరూ కిందికి చూడలేదు.