నల్లకోటు మీద నల్ల బ్రోచ్: విట్బీ జెట్ కొన్నాక నా అభిప్రాయం

విట్బీ జెట్ బ్రోచ్, అంటే ఇంగ్లండ్ తీరంలోని విట్బీ ఊరి దగ్గర దొరికే జెట్ అనే నల్లటి పదార్థంతో చేసి బట్టలకు పిన్నుతో పెట్టుకునే నగ, కొనవచ్చా అని ఎవరైనా అడిగితే కొనమనే చెబుతాను. అయితే ముందు వైపు చూసి ముచ్చటపడి డబ్బులిచ్చేయకుండా, వెనక్కి తిప్పి పిన్ను కూడా చూడండి. నేను కొన్నదాని ముందు వైపు వంక పెట్టలేని పనితనం ఉంది. ఉన్న ఒక్క లోపమూ వెనక వైపు ఉంది.

నేను ఇంగ్లండ్‌లోని మిడిల్స్‌బరోలో నర్సుని. ఏటా నవంబర్ రెండో ఆదివారం, యుద్ధాల్లో పోయినవాళ్లను తలుచుకునే రిమెంబ్రెన్స్ సండే రోజున, మా వార్డు వాళ్లం కొందరం యుద్ధ స్మారకం దగ్గరికి వెళ్తాం. మా తాతగారి అన్నయ్య సైన్యంలో ఇంజనీరింగ్ పనులు చేసే మద్రాస్ సాపర్స్‌లో పనిచేశారు. రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా వైపు వెళ్లి మరి తిరిగి రాలేదు. ఉదయం పదకొండు గంటలకు అందరం పాటించే ఆ రెండు నిమిషాల మౌనంలో నాకు ఆయనే గుర్తొస్తారు. అలాంటి చోటికి బంగారు నెక్లెస్ వేసుకోబుద్ధి కాదు, అలాగని బోసిగా వెళ్లాలనీ అనిపించదు. బ్రిటిష్ రాజకుటుంబపు ఆడవాళ్లు ఈ సందర్భాలకు ఏం పెట్టుకుంటారో చాలా ఏళ్లుగా శ్రద్ధగా గమనిస్తున్నాను. అలా గమనిస్తూ గమనిస్తూ ఒకప్పటి రాణి పెట్టుకున్న జెట్ మీద మనసు పడింది. పైగా అది దొరికే ఊరు మాకు రైల్లో గంటన్నర దూరమే.

జెట్‌ని అందరూ నల్లరాయి అంటారు గానీ అది నిజానికి చెట్టు. సుమారు 18 కోట్ల ఏళ్ల కిందట, ఇప్పటి మంకీ పజిల్ జాతికి దగ్గరి చెట్ల మానులు సముద్రంలోకి కొట్టుకొచ్చి, అడుగు బురదలో కూరుకుపోయి, పైన పేరుకున్న బరువుకు నలిగి నలిగి ఇలా తయారయ్యాయి. విట్బీ చుట్టుపక్కల కొండచరియల్లో ఇది దొరుకుతుంది. తుఫాను వెలిశాక ఒడ్డున ఏరుకునేవాళ్లూ ఉన్నారు. చేతిలోకి తీసుకోగానే మొదట తెలిసేది బరువు లేకపోవడం. ఇంత నల్లగా నిగనిగలాడే వస్తువు బరువుగా ఉంటుందని అనుకుంటాం, తీరా పట్టుకుంటే ప్లాస్టిక్ బొత్తాం అంత తేలిక. గాజులా చల్లగా కూడా తగలదు. కాసేపు అరచేతిలో ఉంచుకుంటే ఒంటి వేడికి వెచ్చబడుతుంది. నాకు అన్నిటికన్నా నచ్చిన గుణం అది.

కొన్నది ఊరి తూర్పు వైపు, చర్చ్ స్ట్రీట్ దగ్గర ఒక చిన్న షాపులో. కౌంటర్ దగ్గరున్న పెద్దాయన తొందరపెట్టలేదు. నేను అడగకముందే మెరుపు పూత లేని ఒక తెల్ల పింగాణీ పెంకు తీసి, పాలిష్ పెట్టని జెట్ ముక్కతో దాని మీద గీత గీశారు. గీత గోధుమ రంగులో పడింది. తర్వాత అదే ముక్కను తన స్వెటర్‌కి రుద్ది చిన్న కాగితం ముక్క దగ్గర పెడితే అది వచ్చి అతుక్కుంది. నల్లగాజుతో చేసి ఫ్రెంచ్ జెట్ అని అమ్మేదానికి ఈ గీతా రాదు, ఈ తేలికా ఉండదు. వల్కనైట్ అని ఇంకొకటుంది, గట్టిపరిచిన రబ్బరు. అది కూడా గోధుమ గీతే గీస్తుంది కాబట్టి దాన్ని గీతతో పట్టుకోలేం. అంచులు చూడాలి. అచ్చులో పోసింది కనుక వల్కనైట్ అంచులు మొద్దుగా ఉంటాయి, ఏళ్లు గడిస్తే నలుపు కాస్తా గోధుమ రంగుకి దిగుతుంది. చేత్తో చెక్కిన జెట్‌లో రేకు చివర కూడా పదునుగా కనిపిస్తుంది. పాత వస్తువుల దుకాణాల్లో విక్టోరియా కాలం నాటివని అమ్మేవి కొనేవాళ్లు ఈ తేడా తప్పకుండా తెలుసుకుని వెళ్లాలి.

ఈ నల్లటి వస్తువుకి ఇంత పేరు రావడానికి విక్టోరియా రాణి శోకం పెద్ద కారణం. 1851లో లండన్‌లో జరిగిన గ్రేట్ ఎగ్జిబిషన్‌లోనే విట్బీ జెట్‌ని జనం చూశారు. కానీ 1861 డిసెంబర్ 14న భర్త ఆల్బర్ట్ పోయాక రాణి నల్లబట్టలు కట్టుకుని, 1901లో తాను పోయేదాకా వాటిని వదల్లేదు. రాణి ఎలా ఉంటే ఆస్థానం అలా, ఆస్థానాన్ని చూసి ఊళ్లూ అలాగే. 1870ల మొదట్లో విట్బీలో దాదాపు 1,400 మంది జెట్ పనితోనే బతికారు. ఆ రోజుల్లో భర్త పోయిన మొదటి ఏడాది మెరిసే నగలు పెట్టుకోకూడదు, కాంతి లేని జెట్ మాత్రం పెట్టుకోవచ్చు. రోజులు గడిచేకొద్దీ ముత్యాలు, వజ్రాలు వచ్చేవి. రంగు లేనివి కాబట్టి అవి శోకానికి అడ్డు కావని వాళ్ల లెక్క. 1870లో గారార్డ్ అనే నగల కంపెనీ వాళ్లు రాణికి చేసిన చిన్న కిరీటం పూర్తిగా వజ్రాలది అవడానికి కారణం ఇదే. వితంతువులు పెట్టుకునే తెల్ల టోపీ మీద ఇమిడేంత చిన్నది, అరచేతిలో పట్టేస్తుంది. అందులో 1,187 వజ్రాలున్నాయి. 1871 ఫిబ్రవరిలో పార్లమెంట్ ప్రారంభానికి ఆవిడ దాన్నే పెట్టుకుని వచ్చింది. ఇప్పుడు టవర్ ఆఫ్ లండన్‌లో చూడవచ్చు. పెద్ద కిరీటాల కోసం ఎగబడే జనం దాన్ని దాటుకుని వెళ్లిపోతారు గానీ, నాకైతే అక్కడ ఎక్కువసేపు నిలబడి చూడాల్సిన వస్తువు అదే.

మనవైపు భర్త పోతే ఆడవాళ్ల ఒంటి మీద నగలు తీయించడం చూస్తూ పెరిగినదాన్ని నేను. పోయినవాళ్ల కోసమే ఒక నగ పెట్టుకునే పద్ధతి కూడా లోకంలో ఉందని తెలిసినప్పుడు మనసుకి ఎంత ఊరట కలిగిందో చెప్పలేను. విక్టోరియా ఆల్బర్ట్ జుట్టు దాచిన లాకెట్ కూడా వేసుకునేది. కొందరికి అది విన్నా ఒళ్లు జలదరిస్తుంది, నాకు అందులో ప్రేమే కనిపిస్తుంది.

ఇక నా బ్రోచ్ సంగతి. కోలగా, బొటనవేలి కన్నా కాస్త వెడల్పుగా ఉంటుంది. మధ్యలో చెక్కిన గులాబీ, చుట్టూ సన్నటి వెండి అంచు. గులాబీ రేకులకు పాలిష్ పెట్టి, వెనక నేలని మాత్రం మెరుపు లేకుండా వదిలేశారు. రెండూ నలుపే అయినా ఆ తేడా వల్ల పువ్వు పైకి లేచినట్టు కనిపిస్తుంది. జెట్ మెత్తటి పదార్థం కాబట్టి ఇంత సన్నగా చెక్కడం వీలవుతుంది. కానీ ఆ మెత్తదనం వల్లే కాస్త చెయ్యి జారితే రేకు విరిగిపోతుంది కూడా. చెక్కినవాళ్ల ఓపిక భూతద్దంలో చూస్తే తెలుస్తుంది, ఎక్కడా ఉలి జారిన గుర్తు లేదు. దీనికి నూట నలభై పౌండ్లు ఇచ్చాను. ఇంత పనికి అది ఎక్కువ అనిపించలేదు. విట్బీ జెట్ అని రాసిన సర్టిఫికెట్ ఇచ్చారు. అందులో చెక్కిన మనిషి పేరు కూడా ఉంటే బాగుండేది. ఇంత పని చేసినవాళ్ల పేరు తెలియకుండా నగ పెట్టుకోవడం నాకు వెలితిగానే ఉంది.

లోపం చెప్పాలి. వెనక పిన్ను మరీ సన్నం, కొక్కేనికి తాళంలా పడే మూత లేదు. పల్చటి బ్లౌజ్ మీదో స్కార్ఫ్ మీదో అయితే బాగానే ఉంటుంది. ఉన్ని కోటు మీద మాత్రం బ్రోచ్ ముందుకి వాలిపోతుంది. స్మారకం దగ్గర గాలి గట్టిగా వీస్తుంటే అది ఊడి పడుతుందేమోనని టెన్షన్ పడుతూనే ఉన్నాను. పూలచక్రాలు పెడుతున్నంతసేపూ ధ్యాస సగం దాని మీదే ఉంది, అది నాకు బాధ అనిపించింది. తర్వాత ఫోన్ చేస్తే, పంపితే మందం పిన్ను వేసి, మూత ఉన్న కొక్కెం పెట్టి ఇస్తామన్నారు. పనికి డబ్బులు తీసుకోలేదు, పోస్టు ఖర్చు నాది. ఇప్పుడు గట్టిగా నిలబడుతోంది. కోటుకి కావాలని కొనేటప్పుడే చెబితే షాపు వాళ్లే మార్చి ఇస్తారు.

పిన్ను పక్కన పెడితే, ఆ రోజుకి ఇంతకన్నా తగిన నగ నాకు తెలియదు. కారణం చూపుకి సంబంధించింది. రిమెంబ్రెన్స్ రోజున కంటికి ఆనాల్సింది పాపీ ఎరుపు ఒక్కటే. పాపీ అంటే యుద్ధాల్లో పోయినవాళ్ల గుర్తుగా బట్టలకు పెట్టుకునే ఎర్ర పువ్వు. లండన్‌లో వైట్‌హాల్‌లోని సెనోటాఫ్ అనే యుద్ధ స్మారకం దగ్గర జరిగే కార్యక్రమం చూడండి. రాజకుటుంబపు ఆడవాళ్లు చాలామంది ఫారిన్ ఆఫీసు బాల్కనీల్లో నల్లబట్టల్లో నిలబడతారు. 2017 నుంచి రెండో ఎలిజబెత్ రాణి కూడా అక్కడి నుంచే చూసేవారు, పూలచక్రం ఆవిడ కొడుకు చార్లెస్ పెట్టేవారు. అంత దూరం నుంచి కనిపించేది నలుపు మీద ఎరుపు. రాణిగారు ఐదు పాపీలు గుత్తిగా పెట్టుకుని, దగ్గర్లో బ్రోచ్ పెట్టుకునేవారు. ఎంత విలువైన బ్రోచ్ అయినా అది పాపీల కిందే లెక్క. జెట్ అయితే ఆ పని మరింత బాగా చేస్తుంది. నల్లకోటు మీద నల్లగా కలిసిపోయి, దగ్గరికి వచ్చిన మనిషికి మాత్రమే పువ్వు చూపిస్తుంది. నేను పాపీని ఎడమ వైపు పెట్టి, బ్రోచ్‌ని దానికి రెండు వేళ్ల కింద పెట్టాను. పాపీ ఎటు పెట్టుకోవాలన్న నియమం ఏమీ లేదని వాటిని పంచే రాయల్ బ్రిటిష్ లీజియన్ చెబుతుంది కాబట్టి ఆ విషయంలో ఎవరి వీలు వాళ్లది.

ముత్యాలు వద్దా అంటే, వద్దని ఎలా అంటాను! అంత్యక్రియలకు ఇప్పటి రాజకుటుంబం ఎంచుకునేది ఎక్కువగా ముత్యాలే. 2021 ఏప్రిల్‌లో రాణిగారి భర్త ఫిలిప్ అంత్యక్రియలకు, 2022 సెప్టెంబర్ 19న రాణిగారి అంత్యక్రియలకు చార్లెస్ పెద్ద కోడలు కేట్ వేసుకున్నది ఒకటే నగ, జపాన్ ముత్యాలతో చేసిన నాలుగు పేటల చోకర్, అంటే మెడకు అంటిపెట్టుకుని ఉండే నెక్లెస్. అది రాణిగారిదే. 1982లో చార్లెస్ మొదటి భార్య డయానాకి కూడా పెట్టుకోవడానికి ఇచ్చారు. దానికి తోడు బహ్రెయిన్ ముత్యాల జూకాలు పెట్టుకుంది. 1947లో రాణిగారి పెళ్లికి కానుకగా వచ్చిన ముత్యాలవి. ఎవరిని సాగనంపుతున్నారో వాళ్ల నగే పెట్టుకోవడం నాకు ఎంతో గౌరవంగా అనిపించింది. రాణిగారి అంత్యక్రియల రోజు చార్లెస్ భార్య కమిల్లా పెట్టుకున్న బ్రోచ్, 1897లో విక్టోరియా సింహాసనమెక్కి 60 ఏళ్లయిన సందర్భంగా జర్మనీలోని హెస్సె రాజవంశపు మనవలు ఆవిడకి ఇచ్చినది.

నన్ను అన్నిటికన్నా కదిలించినది మాత్రం 2022 మార్చి 29న వెస్ట్‌మిన్‌స్టర్ అబీలో జరిగిన ఫిలిప్ సంస్మరణ సభ. అప్పటికి రాణిగారు నలుపు వదిలేశారు. ముదురు ఆకుపచ్చ బట్టల మీద బంగారం, కెంపులు, వజ్రాలున్న ఒక బ్రోచ్ పెట్టుకున్నారు. ఆండ్రూ గ్రీమా అనే నగల డిజైనర్ చేసినది, 1966లో ఫిలిప్ ఆవిడకి ఇచ్చినది. అంత్యక్రియల రోజు రంగు లేని నగ. ఏడాది తర్వాత ఆయనే ఇచ్చిన ఎర్ర కెంపులు. అందుకే స్నేహితులు సంస్మరణ సభకి ఏం పెట్టుకోవాలని అడిగితే నేను జెట్ కొనమని చెప్పను, పోయినవాళ్లు ఇచ్చింది ఏదైనా ఉంటే అదే పెట్టుకోమంటాను, అది ఎంత రంగుదైనా సరే. హైదరాబాద్ నిజాం అదే రాణిగారికి పెళ్లికి కార్టియే అనే పేరున్న నగల కంపెనీ నెక్లెస్ ఇచ్చారని మనవాళ్లు గర్వంగా చెప్పుకుంటారు. గొప్ప నగే, కానీ అది విందులకు వేసుకునేది.

జాగ్రత్తల మాటకొస్తే, జెట్‌ని బంగారం, వజ్రాలతో కలిపి ఒకే పెట్టెలో వేయకండి, గీతలు పడతాయి. హీటర్ దగ్గర, ఎండ పడే కిటికీలో పెడితే పగుళ్లు రావచ్చు. సెంటు కొట్టుకున్నాకే బ్రోచ్ పెట్టుకోవాలి. వేలిముద్రలు తొందరగా పడతాయి, మెత్తటి పొడి గుడ్డతో తుడిస్తే చాలు. నగలు శుభ్రం చేయడానికి షాపుల్లో ఉండే అల్ట్రాసోనిక్ మెషిన్‌లో మాత్రం పొరపాటున కూడా వేయనివ్వకండి.

అదే షాపులో వేలాడే జూకాలు కూడా చూశాను. నా చిటికెన వేలంత పొడవున్నా చెవికి పెట్టుకుంటే బరువే తెలియలేదు. విక్టోరియా కాలంలో అంతంత పెద్ద జెట్ నగలు చేయగలిగారంటే ఈ తేలిక వల్లే. జీతం రాగానే వెళ్లి అవి కొనబోతున్నాను.