రాడ్ బేరింగులు కొనేవాళ్లు జాగ్రత్త: పెట్టె మీద సైజు చూసి డబ్బులు కట్టొద్దు

జిప్సీ, ఎస్టీమ్ లాంటి పాత 1.3 మారుతి ఇంజిన్ విప్పించి, కాస్త గట్టిగా తిరిగేలా కట్టించుకుందామనుకుంటున్న విజయనగరం, బొబ్బిలి, సాలూరు వైపు వాళ్లకి ఈ హెచ్చరిక. "రేసింగ్ సెట్టు, వెడల్పు ఎక్కువ" అని ఎవరైనా కనెక్టింగ్ రాడ్ బేరింగులు (రాడ్డుకీ క్రాంకుకీ మధ్య వేసే అర్ధచంద్రాకారపు షెల్లులు) చూపిస్తే, మీ క్రాంకు కొలతలు చేతిలో లేకుండా కొనకండి.

నా జిప్సీ క్రాంకు పిన్నులు (రాడ్లు పట్టుకునే గుండ్రటి భాగాలు) అరిగిపోతే 0.25 మి.మీ. అండర్‌సైజుకి, అంటే అంత సన్నగా, గ్రైండింగ్ చేయించాను. ఎక్కువ ఆర్‌పీఎంలో తిప్పే బండి కాబట్టి పిన్ను పక్క గోడని (చెంపని) కలిసే మూలల్లో రేడియస్, అంటే గుండ్రటి వంపు, కొంచెం పెద్దగా ఉంచమన్నాం. ఆ మూల పదునుగా ఉంటే క్రాంకు అక్కడే పగులు పట్టి విరుగుతుంది. విశాఖలో బేరింగులు కొన్న దుకాణంలో ఈ సంగతంతా చెప్పాను. "ఏటవుద్ది బాబూ, పెద్ద రేడియస్ క్రాంకులకే చేసిన సెట్టు ఇది. వెడల్పుంటే బలమే కదా" అన్నాడు. మామూలు సెట్టుకి దాదాపు రెట్టింపు ధర తీసుకున్నాడు.

మేస్త్రి ప్లాస్టిగేజ్ (నలిగి ఎంత చదునైందో చూసి ఖాళీ కొలిచే మెత్తటి తీగ) పెట్టి ఆయిల్ క్లియరెన్సు, అంటే పిన్నుకీ షెల్లుకీ మధ్య ఆయిల్‌కి ఉండే ఖాళీ, చూశాడు. ఈ ఇంజిన్‌కి అది 0.020 నుంచి 0.050 మి.మీ. మధ్య ఉండాలి, సరిగ్గా అందులోనే ఉంది. కానీ ప్లాస్టిగేజ్ చెప్పేది పిన్ను మీద చదునైన భాగం సంగతే. షెల్లు అంచు మూలలోని రేడియస్ మీదకి ఎక్కిందో లేదో అది చూపించదు.

కొన్ని వారాలు బానే తిరిగింది. సాలూరు దాటి సుంకి ఘాటు ఎక్కి దిగాక, ఐడిల్‌లో ఆయిల్ లైటు మిణుకుమిణుకుమనడం మొదలైంది. తర్వాత కింద నుంచి టకటక. విప్పి చూస్తే షెల్లులు మధ్యలో దాదాపు కొత్తవాటిలా ఉన్నాయి. రెండు అంచులు మాత్రం పై పూత పోయి రాగి రంగు తేలాయి. రాడ్ వంగితే పై షెల్లు ఒక అంచు, కింది షెల్లు దాని ఎదుటి అంచు అరుగుతాయి. ఇక్కడ అలా లేదు, ప్రతి షెల్లుకీ రెండు అంచులూ సమానంగా పోయాయి. పిన్ను మధ్యలో సన్నబడినా ఇలాగే అరుగుతుంది గానీ, మైక్రోమీటర్‌తో చూస్తే పిన్ను చివరి నుంచి చివరి దాకా ఒకే కొలత వచ్చింది. అంటే షెల్లు రేడియస్ మీద కూర్చుంది. పెద్ద రేడియస్ కోసం చేసిన షెల్లయితే దాని అంచులకు ఏటవాలుగా చాంఫర్ ఉంటుంది, లేదా వెడల్పే తక్కువగా ఉంటుంది. దీనికి ఆ రెండూ లేవు.

కాబట్టి చూడాల్సింది పిన్ను మొత్తం వెడల్పు కాదు. ఈ ఇంజిన్‌లో పిన్ను వెడల్పు 22.10 నుంచి 22.15 మి.మీ., రాడ్ పెద్ద కన్ను (పిన్నుని పట్టుకునే చివర) వెడల్పు 21.95 నుంచి 22.00. ఆ తేడా రాడ్ పక్కలకు కదలడానికి వదిలిన ఖాళీ. షెల్లు సరిపోవాల్సింది రెండు రేడియస్‌ల మధ్య మిగిలిన చదునైన భాగానికి. రాడ్ ఒక పక్కకి పూర్తిగా జరిగినప్పుడు కూడా అంచు రేడియస్‌ని తాకకూడదు. మనవి నాలుగు సిలిండర్లు వరసలో ఉండే ఇంజిన్లు, పిన్నుకి ఒకే రాడ్డు, కాబట్టి రెండు వైపులా చూసుకోవాలి. వి ఆకారం ఇంజిన్లలో ఒకే పిన్ను మీద రెండు రాడ్లు ఉంటాయి గనక చాంఫర్ క్రాంకు చెంప వైపు ఒక్క పక్కే ఇస్తారు. ఆ షెల్లులు తారుమారు చేసి బిగిస్తే అదే రోగం.

అలాగని బాగా సన్నటివి కూడా కొనకండి. 18 మి.మీ. షెల్లుని 16కి దించితే వైశాల్యం తగ్గేది 11 శాతమే. కానీ అంతే మందం ఆయిల్ పొర మోయగల బరువు దాదాపు 30 శాతం తగ్గుతుంది, ఎందుకంటే ఇలాంటి పొట్టి బేరింగుల్లో అది వెడల్పు ఘనాన్ని బట్టి మారుతుంది. మరోపక్క 6000 ఆర్‌పీఎం నుంచి 7500కి వెళ్తే పిస్టన్, రాడ్ల జడత్వం వల్ల పడే బరువు ఒకటిన్నర రెట్లు దాటుతుంది. కంపెనీ వెడల్పు షెల్లుకి మీ రేడియస్‌కి తగ్గ చాంఫర్ ఉంటే చాలు. లేకపోతే ఫిక్చర్‌లో బిగించి లేత్ మీద తీయించాలి. ఆకురాయితో రాస్తానన్నవాడికి ఇవ్వకండి, ఆ పొడి మెత్తటి పూతలో దిగబడి పిన్నుని గీస్తుంది.

దుకాణంవాడు "ఫిట్ చేసిన సామాను వాపసు లేదు" అని ఒకే మాట మీద ఉన్నాడు. పక్కా బిల్లు అడిగి తీసుకున్నాను కాబట్టి 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టాను. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 చట్టం ప్రకారం దుకాణం విశాఖలో ఉన్నా మనం ఉండే జిల్లాలోనే వేయొచ్చు, ఐదు లక్షల లోపు కేసుకి ఫీజు లేదు, గడువు రెండేళ్లు. అరిగిన షెల్లులు, పెట్టె పారేయకండి. పెట్టె మీద లేబుల్ అతికించి ఉంటే దాని కింద ఇంకో లేబుల్ ఉందేమో గోటితో గీకి చూడండి, మా దాని కింద ఉంది.