ఆఫీసుకు రాని ల్యాప్‌టాప్‌లకు ఇంట్యూన్ ఫైర్‌వాల్ పాలసీలు: ఏడాది వాడాక నా మాట

మా దగ్గర నలభై దాకా ఆఫీసు ల్యాప్‌టాప్‌లు ఉన్నాయి. వాటిలో సగానికి పైగా నెలల తరబడి ఆఫీసు మొహం చూడవు. వాటి ఫైర్‌వాల్ రూల్స్, అంటే ఏ నెట్‌వర్క్ కనెక్షన్‌ని రానివ్వాలి, దేన్ని ఆపాలి అన్న నియమాలు, చూసుకోవడం నా పని. ఏడాది కిందటి వరకు అంతా గ్రూప్ పాలసీతోనే (ఆఫీసు సర్వర్ నుంచి విండోస్ కంప్యూటర్లకు సెట్టింగులు పంపే పద్ధతి) నడిపాం, తర్వాత మైక్రోసాఫ్ట్ ఇంట్యూన్‌కి (అదే పనిని ఇంటర్నెట్ ద్వారా చేసే సేవ) మారాం.

గ్రూప్ పాలసీని తక్కువ చేసి మాట్లాడను. ఆఫీసు నెట్‌వర్క్‌లో ఉన్న కంప్యూటర్ 90 నిమిషాలకోసారి, లేదంటే ఇంకో అరగంట అటుగా, డొమైన్ కంట్రోలర్‌ని, అంటే ఆఫీసు కంప్యూటర్లను, లాగిన్‌లను చూసుకునే సర్వర్‌ని, అడిగి కొత్త రూల్స్ తెచ్చుకుంటుంది. కాకపోతే ఆ కంట్రోలర్ అందుబాటులో ఉండాలి కదా. ఇంట్లో కూర్చుని వీపీఎన్ (బయటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌లోకి భద్రంగా కలిపే దారి) కలపకుండా మెయిల్, బ్రౌజర్‌తోనే పని కానిచ్చేసే వాళ్లకి అది అందదు. ఒకసారి రిమోట్ డెస్క్‌టాప్ (దూరం నుంచి కంప్యూటర్‌ని నడిపే సౌకర్యం) వాడే 3389 పోర్టు, అంటే కనెక్షన్లు లోపలికొచ్చే నంబరున్న ద్వారం, మూసేస్తూ రూల్ పెట్టి, అందరికీ చేరిపోయిందనుకున్నాను. చేరిందో లేదో సరిచూసుకోలేదు, అది నా తప్పే. నాలుగు నెలల తర్వాత ఒకాయన ఏదో రిపేరుకని ల్యాప్‌టాప్ తెస్తే చూశాను, పోర్టు తెరిచే ఉంది. ఇంకెన్నిటిలో ఇలా ఉందో అన్న టెన్షన్‌తో ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఇంట్యూన్‌లో ఆ బాధ లేదు. ఇంటర్నెట్ ఉంటే చాలు, వీపీఎన్ అక్కర్లేదు. మామూలుగా 8 గంటలకోసారి పాలసీ సరిచూసుకుంటుంది, తొందరగా కావాలంటే మనమే సింక్ నొక్కొచ్చు. ఏ ల్యాప్‌టాప్‌కి పాలసీ చేరింది, ఏది చాన్నాళ్లుగా కనపడలేదు అన్నది ఒక్క స్క్రీన్‌లో తెలుస్తుంది. నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే.

మారేవాళ్లు ముందు ప్రొఫైల్స్ సంగతి బాగా అర్థం చేసుకోండి. ల్యాప్‌టాప్ ఏ రకం నెట్‌వర్క్‌లో ఉందన్నదాన్ని బట్టి అమలయ్యే రూల్స్ సెట్లే ప్రొఫైల్స్, విండోస్ ఫైర్‌వాల్‌కి డొమైన్, ప్రైవేట్, పబ్లిక్ అని మూడున్నాయి. డొమైన్ ప్రొఫైల్ పనిచేసేది డొమైన్ కంట్రోలర్ అందే నెట్‌వర్క్‌లోనే. రూల్స్ అన్నీ అందులోనే రాసి పెట్టుకుంటే ల్యాప్‌టాప్ బయట అడుగు పెట్టిన క్షణం నుంచి అవి ఉన్నా లేనట్టే. నేను ప్రైవేట్‌కీ పబ్లిక్‌కీ ఒకే కట్టుదిట్టం పెట్టాను, ఎందుకంటే ఇంటి వైఫైని ప్రైవేట్‌గా మార్చడానికి ఒక్క క్లిక్ చాలు, ఆ ఇంట్లో పిల్లల కంప్యూటర్‌లో ఏముందో మనకేం తెలుసు. లోపలికొచ్చే కనెక్షన్లన్నీ బ్లాక్, ముఖ్యంగా ఫైల్ షేరింగ్ వాడే 445 పోర్టు. 2017లో వన్నాక్రై అనే, ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగే వైరస్ ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి పాకింది ఆ దారిలోనే. ల్యాప్‌టాప్‌లోనే పెట్టిన లోకల్ రూల్స్‌ని మన పాలసీతో కలుపుకోవడం కూడా ఆపేశాను, దాంతో ఏదో సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ అవుతూ తనకు తాను తెరుచుకున్న దారులు చెల్లవు. అయితే దీనివల్ల నిజంగా అవసరమైన ప్రోగ్రాములు కూడా ఆగొచ్చు, వాటికి మనమే రూల్ రాయాలి. ఆ చిట్టా తయారవడానికి నాకు రెండు వారాలు పట్టింది.

ఇబ్బందులు లేవని కాదు. రూల్స్ గుంపుగా వెళ్తాయి, అందులో ఒక్కదాంట్లో తప్పున్నా మొత్తం గుంపే అమలవకపోవచ్చు. అందుకే చిన్న చిన్న పాలసీలుగా విడగొట్టి, ముందు ఐదు ల్యాప్‌టాప్‌ల మీద పెట్టి చూస్తాను. విండోస్ హోమ్ ఎడిషన్‌లో ఈ ఫైర్‌వాల్ పాలసీలు పనిచేయవు, ప్రో అయినా ఉండాలి. పాత గ్రూప్ పాలసీ రూల్స్ తీసేయకుండా వీటిని పైన పెడితే మాత్రం పెద్ద తలనొప్పి, ఒకచోట అనుమతించినా ఇంకోచోట బ్లాక్ ఉంటే బ్లాక్‌దే పైచేయి. ఏది ఎక్కడి నుంచి వచ్చిందో వెతకడానికే పూట గడిచిపోతుంది.

అన్ని కంప్యూటర్లూ ఆఫీసులోనే ఉండేవాళ్లకి ఇది అక్కర్లేదు, గ్రూప్ పాలసీ చాలు. మాలాంటి వాళ్లయితే కొనే ముందు మీ లైసెన్స్ చూసుకోండి, మైక్రోసాఫ్ట్ 365 బిజినెస్ ప్రీమియం ఉంటే ఇంట్యూన్ అందులోనే వస్తుంది.