గుంటూరులో ఆటిజం థెరపీ సెంటర్ వాళ్లిచ్చిన తెలుగు పుస్తకం ఎలా ఉందంటే

బ్రాడీపేటలో మా బాబు వెళ్లే థెరపీ సెంటర్ పేరు పెట్టట్లేదు, పెడితే యాడ్ అనుకుంటారు. థెరపీ సంగతి ఇంకోసారి రాస్తా, ఇప్పుడు మాత్రం మొదటి రోజు వాళ్లు చేతిలో పెట్టిన స్పైరల్ బైండింగ్ పుస్తకం గురించే.

ముందు ఇది చెప్పాలి. రెండేళ్ల కింద బాబుకి మూడేళ్లప్పుడు విజయవాడలో ఒకచోటికి వెళ్తే తళతళలాడే కరపత్రం ఇచ్చారు, స్టెమ్ సెల్ ఇంజెక్షన్‌తో మాటలొస్తాయి, నూటికి తొంభై మందికి గుణం అని ఉంది. రాసిందెవరో లేదు, తేదీ లేదు, ఏ పిల్లల్ని చూసి చెప్తున్నారో లేదు. ఆ రాత్రి మా ఆయన నా గాజులు తాకట్టు పెడితే ఎంతొస్తుందో లెక్కేశారు. తెల్లారి మా పిల్లల డాక్టర్ గారిని అడిగితే, ఆటిజానికి స్టెమ్ సెల్ వైద్యం చెయ్యొద్దని నేషనల్ మెడికల్ కమిషన్ ఎథిక్స్ బోర్డు 2022లోనే చెప్పిందమ్మా అన్నారు, గాజులు మిగిలాయి.

ఇక ఈ పుస్తకంలో ప్రతి పేజీ అడుగున రాసిందెవరు, చదివి సరిచూసిందెవరు, ఎప్పుడు రాశారు, మళ్లీ ఎప్పుడు చూస్తారు అని నాలుగు లైన్లున్నాయి. నాకు అన్నిటికన్నా నచ్చింది మాత్రం ఏబీఏ పేజీ, అంటే పనుల్ని చిన్న చిన్న ముక్కలు చేసి, సరిగ్గా చేసినప్పుడల్లా మెచ్చుకుంటూ నేర్పే థెరపీ. 1987లో అమెరికాలో వచ్చిన స్టడీ చెప్పుకుని చాలామంది వారానికి 40 గంటలు కావాలంటారు కదా, అందులో అంత గట్టి థెరపీ ఇచ్చింది 19 మంది పిల్లలకే అని రాశారు, ఈ పద్ధతి తమని బాధపెట్టిందని ఆటిజం ఉన్న పెద్దవాళ్లు చెప్పేది కూడా రాశారు, ఆ కిందే "ఈ థెరపీకి మేం ఫీజు తీసుకుంటాం, కాబట్టి ఇంకొకర్ని కూడా అడగండి" అని ఉంది. డబ్బు తీసుకునేవాళ్లు ఆ మాట అచ్చేయించడం నేనెక్కడా చూడలేదు, ఆ లైన్ చదివాకే నాకు నమ్మకం కుదిరింది.

టీకాల వల్లే ఇలా అయిందని మా అత్తయ్య గారు చాన్నాళ్లు బాధపడ్డారు. టీకాకీ ఆటిజానికీ ముడిపెడుతూ 1998లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన పేపర్ 12 మంది పిల్లల గురించే, 2010లో దాన్ని వెనక్కి తీసుకున్నారు అని పుస్తకంలో ఉంటే ఆవిడకి నేనే చదివి వినిపించా, రెండోసారి కూడా చదవమన్నారు. రిస్పెరిడోన్ అనే మందు పేజీలో అయితే ఇది ఆటిజాన్ని తగ్గించదు, విపరీతమైన చిరాకు, తనని తాను కొట్టుకోవడం లాంటివాటికే, బరువు పెరగొచ్చు అని నేరుగా రాశారు.

కావాల్సింది చూపించి అడిగే బొమ్మల కార్డులకి అలవాటు పడితే మాట రాదేమోనని నేను భయపడ్డా. మాటకి అడ్డం రావు అని రాసి, అయినా మాటలొస్తాయని హామీ ఇవ్వలేం అని కూడా రాశారు. మా వాడు ఇదివరకు నా చెయ్యి పట్టుకుని ఫ్రిజ్ దాకా లాక్కెళ్లి ఏడ్చేవాడు, ఇప్పుడు పెరుగు ప్యాకెట్ ఫొటో తెచ్చి నా చేతిలో పెడతాడు, మూల నలిగిపోయి టేప్ వేశాం దానికి.

లోపాలూ ఉన్నాయి. చప్పుడు, వెలుగు, తాకడం లాంటివి తట్టుకోలేకపోవడాన్ని సెన్సరీ అంటే సెంటర్‌కి వచ్చే అందరికీ తెలుస్తుంటే "ఇంద్రియ సమన్వయ లోపం" అని రాస్తే అత్తయ్య గారికేం అర్థమవుతుంది? గోధుమలు, పాలు మాన్పించే డైట్‌కి గట్టి ఆధారం లేదన్నారు సరే, పెరుగన్నం తప్ప ఏదీ ముట్టని పిల్లాడికి ఏం పెట్టాలో ఒక్క ముక్క లేదు. స్పీచ్ థెరపిస్టుని ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ నంబర్ అడగండి అనేది చివరి పేజీలో పడేశారు, అది మొదటి పేజీలో ఉండాలి.

సదరం సర్టిఫికెట్‌కి, అంటే వైకల్యం ఉందని ఇచ్చే సర్టిఫికెట్‌కి, నేరుగా హాస్పిటల్‌కి వెళ్లమని రాసుంటే నమ్మి పిల్లాడితో వెళ్లాం, స్లాట్ లేదని తిప్పి పంపారు, ఎండలో వాడు రోడ్డు మీదే పడుకుని ఏడ్చాడు. సెంటర్ మేడమ్‌కి చెప్తే సాకులు చెప్పలేదు, వారంలో అందరి పుస్తకాల్లో ఆ పేజీకి చీటీ అంటించారు, ముందు ఏం రాశాం, ఏది తప్పు, సచివాలయంలో స్లాట్ ఎలా బుక్ చేసుకోవాలి అని, కింద తేదీతో సహా. పాత లైన్‌ని చెరిపెయ్యలేదు, చదవడానికి వీలుగా సన్న గీత కొట్టి వదిలారు.

ఐదుకి నాలుగు ఇస్తా. సెంటర్ రెండో అంతస్తులో, లిఫ్ట్ లేదు, సాయంత్రం బ్యాచ్‌కి వెళ్తే బండి పెట్టుకోడానికి చోటు దొరకదు.